కొట్టు తాళం ఎవరి దగ్గరుంది?

బుజ్జమ్మకూ, చిన్నోడికీ తాత ఆశీస్సులు.

కనుమ నాడు అటక మీది రేకుపెట్టె దించి ఇల్లంతా చిందరవందర చేశారు గదా, అందులోంచి అగ్గిపెట్టె అంత ఎర్ర వస్తువు ఒకటి బయటపడింది. అది పాటలు వినేదని మీ నాన్న చెప్పగానే బుజ్జమ్మ నా దగ్గరికి వచ్చి, "తాతా, నాన్న ఐపాడ్ అడిగితే నువ్వు ఇది కొనిచ్చావంట. అప్పుడు మన దగ్గర డబ్బుల్లేవా?" అని అడిగింది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి టైమవుతోందని మీ అమ్మ తొందర పెడుతుండడంతో నేను జవాబు చెప్పలేకపోయాను. మిమ్మల్ని కావలి స్టేషన్లో రైలెక్కించి వచ్చాక రెండు రోజులు అదే ఆలోచన. అడగాల్సిన మాటే అడిగావు తల్లీ. అందుకే ఈ ఉత్తరం.

డబ్బుల్లేక కాదు. ఆ ఏడాది పంట బాగానే పండింది, ధర కూడా పలికింది. అది 2010 సంక్రాంతి ముందు. మీ నాన్న విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రూములో ఇద్దరికి ఐపాడ్ ఉందనీ, తనకూ కావాలనీ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. అప్పట్లో దాని పేరు అలా మోగిపోయేది. ఆపిల్ కంపెనీ 2001 అక్టోబర్ 23న మొదటి ఐపాడ్‌ను చూపించినప్పుడు, జేబులో వెయ్యి పాటలు పడతాయని చెప్పింది. అప్పటిదాకా వాక్‌మాన్‌లో ఒక క్యాసెట్టు, అటు అరగంట, ఇటు అరగంట. అలాంటి రోజుల్లో వెయ్యి పాటలంటే మాటలు కాదు. ముందు భాగంలో గుండ్రటి చక్రం, దాని మీద బొటనవేలు తిప్పితే పాటల పేర్లు జరజరా కిందికి జారుతాయి. అంత అందమైన వస్తువు నేనూ చూడలేదు. దాన్ని తీసిపారేయడానికి ఈ ఉత్తరం రాయడంలేదు, అది ముందే చెబుతున్నాను.

డబ్బులు జేబులో పెట్టుకుని నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాను. షాపు కుర్రాడు ఓపికమంతుడు. ఐపాడ్ నానో చేతికిచ్చి చూడమన్నాడు. చూశాను. తర్వాత, ఇందులోకి పాటలు ఎట్టా ఎక్కిస్తారని అడిగాను. కంప్యూటర్లో ఐట్యూన్స్ అనే ప్రోగ్రాం వేసుకోవాలి, పాటలన్నీ ముందు దాంట్లో పెట్టుకోవాలి, అది ఐపాడ్‌లోకి పంపుతుంది అన్నాడు. మరి స్నేహితుడి కంప్యూటర్లో మంచి పాట ఉంటే? "అట్టా కుదరదు సార్. వేరే కంప్యూటర్‌కి పెడితే, ఉన్న పాటలు తీసేసి ఇక్కడివి పెట్టమంటారా అని అడుగుతుంది." మామూలు ఫైలులాగా కాపీ చేసి పెడితే? పెట్టొచ్చుగానీ పాడదు అన్నాడు. పాటలు లోపల ఒక దాచిన ఫోల్డర్లో, నాలుగేసి అక్షరాల అర్థంకాని పేర్లతో ఉంటాయట. ఏ పాట ఏ పేరుతో ఉందో ఆ ప్రోగ్రాంకి తెలుసు, మనకు తెలియదు.

అక్కడ నాకు మా చిన్నప్పటి కొట్టు గుర్తొచ్చింది.

ఇక్కడ నా చిన్నతనం చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. అప్పుడు మాకు కాలువ కింద ఎకరంన్నర ఉండేది. వడ్లు నూర్చి ఇంటికి తెస్తే పోసుకోవడానికి చోటు లేదు. ఒకటే గది, తాటాకు కప్పు. ఊళ్ళో పెద్దరైతు ఒకాయనకి పెద్ద ధాన్యపు కొట్టు ఉండేది. రాతి గోడలు, టేకు తలుపు, ఇంత పొడుగు తాళంచెవి. ఊరంతా అక్కడే పోసేది. అందరూ పోస్తున్నారని మా నాయన కూడా పోశాడు. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. మావి పుట్టిన్నర దాకా ఉండి ఉంటాయి.

ఆ కొట్టులో ఎలుక దూరదు, చెమ్మ దిగదు. ఆ పెద్దాయన కూడా మంచివాడే. ఒక్క గింజ తగ్గించి ఇచ్చేవాడు కాదు. కానీ కావాలన్నప్పుడల్లా ఆయన వాకిట్లో నిలబడాలి. ఆయన భోజనం చేస్తుంటే ఆగాలి, పడుకుంటే ఆగాలి. ఒక కార్తీకమాసంలో వాన పట్టుకుంది. ఇంట్లో గింజలు అయిపోయాయి. తీరా వెళితే ఆయన కుటుంబంతో తిరుపతి వెళ్ళాడు, తాళంచెవి మొలతాడుకే ఉంది. మూడు రోజులు. మావి అని చెప్పుకునే పుట్టెడు వడ్లు తలుపుకి అవతల ఉంటే, మా అమ్మ కొంగు కింద శేరు పట్టుకుని పక్కింటికి బియ్యం బదులుకి వెళ్ళింది. వానలో తడుస్తూ తిరిగొచ్చి మా నాయనతో ఒకటే మాట అంది: "మన గింజలు మనం తినడానికి ఇంకొకళ్ళ వాకిట్లో నిలబడాల్నా?"

ఆ వేసవిలో మా నాయన వెదురు బద్దలతో గాదె అల్లించాడు. కింద నాలుగు రాళ్ళు, లోపలా బయటా మట్టీ పేడా కలిపి మెత్తిన పూత, పైన తాటాకు గొడుగు. పైనుంచి పోసుకోవడం, అడుగున బెత్తెడు కంత, దానికి గుడ్డ కుక్కి ఉంటుంది. గుడ్డ లాగితే వడ్లు జరజరా చేటలోకి రాలతాయి. ఎవర్నీ అడిగే పనిలేదు. అర్ధరాత్రి చుట్టం వచ్చినా భయం లేదు. రాళ్ళ కొట్టు ముందు అది పిచ్చుకగూడులా ఉండేది. నాకు మాత్రం దాని ముందు కూర్చుని ఆ కంతలోంచి వడ్లు రాలే చప్పుడు వినడం ఎంత ఇష్టమో! ఎండిన వడ్లు ఒకరకంగా, చెమ్మ తగిలినవి ఒకరకంగా చప్పుడు చేస్తాయి. మా అమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది.

సరే, షాపులోకి వద్దాం. నాకు గాదె కావాలి బాబూ అన్నాను. ఆ కుర్రాడికి ఏమర్థమైందో గానీ, అద్దాల బీరువా అడుగు అరలోంచి ఈ ఎర్రదాన్ని తీశాడు. సాన్‌డిస్క్ వాళ్ళ సాన్సా క్లిప్ ప్లస్. నానో ధరలో సగం కూడా లేదు. దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లాగా కనిపించింది. వాళ్ళ కంప్యూటర్లోంచి బాలు గారి పాట ఒకటి పట్టుకుని లాగి దాంట్లో వదిలాడు. తీసి నా చేతికిచ్చాడు. నొక్కితే పాడింది! పైనుంచి పోస్తే కిందినుంచి రాలినట్టే. గాదెకి పక్కన ఇంకో చిన్న గాదె కట్టుకోవడానికి కూడా వీలుంది, గోరంత మెమరీ కార్డు పెట్టుకోవడానికి పక్కన సందు ఉంటుంది చూడండి. నా జేబులో ఉన్న పాత ఇయర్‌ఫోన్స్ తగిలించాను, అవీ పనిచేశాయి. అప్పట్లో ఐపాడ్‌లలో అన్నిటికంటే చిన్నదైన షఫుల్‌కి మీటలు దాని ఒంటి మీద లేవు, వాళ్ళిచ్చే ఇయర్‌ఫోన్ తీగ మీదే ఉండేవి. ఆ తీగ తెగితే మామూలుది పెట్టి పాట మార్చుకోలేం. గాదె కంతకి గుడ్డ కూడా ఫలానా షాపులోదే కుక్కాలంటే ఎట్టా?

ఇంకో సంగతి. ఐట్యూన్స్‌లో పాటలు కొనుక్కునే అంగడి అమెరికాలో 2003లోనే తెరిచారు. మన దేశానికి అది 2012 డిసెంబర్‌లో వచ్చింది. అంటే మీ నాన్న అడిగేనాటికి ఆ కొట్టుకి తలుపు పెట్టారుగానీ, మనకి అందులో సరుకు కొనుక్కునే వీలే లేదు.

పాట అంత చిన్నదాంట్లో ఎట్టా పడుతుందని చిన్నోడు అడిగాడు. దీనికీ వడ్లే చెబుతాను. సీడీలో పాటంటే వడ్లనుకో. ఒక్కో చెవికి సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి ఆ అంకెల్ని రాసిపెడతారు. అలా నిమిషం పాటకి పది ఎంబీల పైనే పడుతుంది. ఎంపీ3 అంటే బియ్యం. గుడిగంట ఖంగుమని మోగుతున్నప్పుడు పక్కనావిడ గాజుల చప్పుడు మనకు వినపడదు గదా. ఎలాగూ వినపడనిదాన్ని ఊకలా చెరిగేస్తే ఏం పోతుందని జర్మనీలో శాస్త్రవేత్తలు ఆలోచించారు. అలా చెరిగితే నిమిషానికి ఒక ఎంబీ చాలు. వంద కిలోల వడ్లు ఆడిస్తే 65 కిలోలు అటూ ఇటూ బియ్యం వస్తాయి, పాటలో అయితే పదోవంతే మిగులుతుంది. అయినా కడుపు నిండుతుంది. కాకపోతే బియ్యాన్ని మళ్ళీ వడ్లు చేయలేం. చెరిగేసింది పోయినట్టే. ఫ్లాక్ అని ఇంకో రకం ఉంది. అందులో ఏదీ పారేయరు, వడ్లనే సందు లేకుండా కుదించి బస్తాకెత్తినట్టు. చోటు ఎక్కువ తింటుంది, గింజ మాత్రం గింజలాగే ఉంటుంది. ఐపాడ్ ఫ్లాక్‌ని పాడదు. ఈ ఎర్రది పాడుతుంది.

తేడా వినపడుతుందా అంటే అన్నిసార్లూ వినపడదు. కానీ మన నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లుండిన బాలు గారు పల్లవి ఎత్తుకోబోయే ముందు ఊపిరి పీల్చుకుంటారు చూడండి, దాన్ని రెండు రకాల్లోనూ విని చూడండి. నాకు ఆ ఊపిరి దగ్గరే తెలిసింది.

మీ నాన్న సంగతి దాచను. సంక్రాంతికి వచ్చి పెట్టె విప్పి చూసి, మూసి పక్కన పెట్టాడు. "అందరూ నవ్వుతారు నాయనా" అన్నాడు. రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఆ వయసులో అందరి చేతిలో ఉన్నది మన చేతిలో లేకపోతే ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు తెలుసు. వాణ్ణి నేను తిట్టలేదు. మీకూ రేపు ఫోన్ల దగ్గరో, బూట్ల దగ్గరో అట్టానే ఉంటుంది. పదిమంది కొన్నది చెడ్డదని నేననను, పదిమందీ చూసే కొంటారు. అయితే వాళ్ళు చూసింది మనక్కావలసిందేనా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి. దాంట్లో మనం పెట్టుకున్నది మళ్ళీ మనంతట మనం తీసుకోగలమా అని షాపులోనే అడగండి. సిగ్గుపడొద్దు.

రెండు నెలలకి వాడే ఫోన్ చేశాడు. రూములో ఎవరి కంప్యూటర్లో ఏ పాట ఉన్నా తన దాంట్లోకి వచ్చేస్తోందనీ, రాత్రిళ్ళు చదువుకుంటూ విజయవాడ రేడియో కూడా అందులోనే వింటున్నాననీ చెప్పాడు. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఐపాడ్‌ల తయారీ 2022 మే నెలలో ఆపేశారు. ఈ ఎర్రది ఇప్పుడు కొత్తగా ఎక్కడా దొరకదు. రెండూ పాత సామానే అయిపోయాయి.

మొన్న మీరు వెళ్ళాక దాన్ని చార్జింగ్ పెట్టి చూశాను. దాని వైరు పిన్ను మీ ఫోన్ల పిన్నులా ఉండదు, లావుగా ఉంటుంది. పెట్టెలో అడుగున దొరికింది. పది నిమిషాలకి గోరంత తెర వెలిగింది. పైన పసుపు గీత, కింద నీలం అక్షరాలు. మీ నాన్న వచ్చే ఆదివారం పొలం కాగితాల పనిమీద వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతాను.

వచ్చాక ఇట్టా చేయండి. వైరుతో కంప్యూటర్‌కి తగిలించండి. ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. తెరిస్తే రికార్డ్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో వాయిస్ అని ఇంకోటి. దీనికి మైకు కూడా ఉంది, అది మీకు చెప్పలేదు గదూ? 2011 వేసవిలో మీ నాన్న సెలవులకి వచ్చినప్పుడు, మా అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ దంపుళ్ళ పాట ఎత్తుకుంది. వాడు మాట్లాడకుండా దీన్ని చేట పక్కన పెట్టాడు. మూడు నిమిషాలు కూడా ఉండదు. మీ జేజెమ్మ గొంతు మీరెప్పుడూ వినలేదు, బుజ్జమ్మ పుట్టకముందే పోయింది. ఆ పాట బియ్యం కాదు, వడ్లే. ఏమీ చెరగకుండా ఉన్నది ఉన్నట్టు ఉంది. ముందు దాన్ని మీ కంప్యూటర్లోకి ఒకటి, మీ అమ్మ ఫోన్‌లోకి ఒకటి కాపీ చేసి పెట్టుకోండి.

తర్వాత ఫ్యాను ఆపి, ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని వినండి. రెండో చరణం మధ్యలో జేజెమ్మ ఆగుతుంది. ఎవరినో పిలుస్తుంది. అప్పుడు వెనకాల చిన్న చప్పుడు ఒకటి జరజరా వస్తుంది. అదేం చప్పుడో విని, నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాత