పటాలు కట్టే కొట్టు నుంచి గ్యాలరీ దాకా

విశాఖలో చిత్రకళా ప్రదర్శన అంటే రెండు మూడు రోజుల ముచ్చట. ప్రారంభోత్సవం, ఫొటోలు, ఆదివారం సాయంత్రం కాస్త సందడి. ఆపైన చిత్రకారుడే బొమ్మలను పాత దుప్పట్లలో చుట్టి ఆటోలో ఇంటికి చేర్చుకుంటాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగం నుంచి గీసేవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్ల బొమ్మ ఎవరికి చూపాలో, ఎంత ధర చెప్పాలో తెలిసి, ఏళ్ల తరబడి వెంట నిలిచే గ్యాలరీ యజమానే కరువు.

కొనేవాళ్లు మనకు ఎప్పుడూ లేరనుకోవడం పొరపాటు. 18వ శతాబ్దంలో మన కంసాలుల దంతపు పనికి పెద్ద గిరాకీ. ఏనుగు దంతంపై సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపిన పెట్టెలు, బల్లలు కంపెనీ దొరలతో ఓడలెక్కాయి. వాటిలో కొన్ని నేడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. కానీ కొన్నది పరాయివాళ్లు. ఊళ్లో కొనే అలవాటు పాతుకోలేదనే నా అభిప్రాయం.

ఆ అలవాటు ఎలా పెరుగుతుందో బొంబాయి గ్యాలరీ యజమాని కేకూ గాంధీ జీవితం చెబుతుంది. 1920లో పార్శీ ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా సెలవులకు ఇంటికొస్తే, రెండో ప్రపంచయుద్ధం వల్ల తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. 1941లో ఫ్రేముల వ్యాపారం పెట్టారు. పేరు కెమోల్డ్. ఆ షోరూములోనే కె.హెచ్. ఆరా, ఎం.ఎఫ్. హుసేన్ లాంటి కుర్ర చిత్రకారుల బొమ్మలు వేలాడదీశారు. పటం కట్టించుకోవడానికి వచ్చినవాళ్ల కంట కొత్త చిత్రం పడేది. ఎంత తేలికైన ఉపాయం! 1952లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వచ్చింది. 1963లో దాని మొదటి అంతస్తులో భార్య ఖోర్షెద్‌తో కలిసి గ్యాలరీ కెమోల్డ్ తెరిచారు. అంటే 22 ఏళ్ల ఓపిక. 2009లో పద్మశ్రీ అందింది, 2012లో కన్నుమూశారు. 2007లో వేరే చోటికి మారిన ఆ గ్యాలరీని కూతురు షిరీన్ నడుపుతున్నారు.

గ్యాలరీ వాటా మామూలుగా అమ్మకంలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. చిత్రకారులకు అది కడుపుమంట. అద్దె, దీపాలు, కేటలాగు, అమ్ముడుపోని నెలల భారం అందులోనే ఉంటాయని కూడా ఒప్పుకోవాలి.

మొన్న పాత ఊళ్లో పటాలు కట్టే కొట్టుకి వెళ్లాను. వెంకటేశ్వరస్వామి పటాల మధ్య డాల్ఫిన్స్ నోస్ కొండ నీటిరంగుల చిత్రమొకటి ఉంది. ధర అడిగితే, ఫ్రేము కట్టించుకుని నెలలవుతున్నా తీసుకెళ్లలేదండీ, వేసినాయన్నే అడగాలి అన్నాడు కొట్టాయన. ఫోన్ నంబరు రాసుకున్నాను.