రెండు వేళ్ల సందు చాలదు

కుక్కను కారులో ఉంచి షాపులోకి వెళ్లేవాళ్లు చాలామంది ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోరు. వెనక అద్దం రెండు వేళ్ల మందాన కిందికి దించి మరీ వెళ్తారు, లోపల గాలి ఆడాలి కదా అని. మూసి ఉన్న కారులో ప్రాణం పోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా ‘ఊపిరాడక’ అనే చదువుతుంటాం కాబట్టి ఆ జాగ్రత్త తోచడంలో వింత లేదు. ఆక్సిజన్ అయిపోవడమే ప్రమాదమైతే ఆ సందు నిజంగానే సరిపోయేది.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. మామూలు కారు లోపల దాదాపు 3,000 లీటర్ల గాలి పడుతుంది. అందులో 21 శాతం, అంటే 630 లీటర్లు ఆక్సిజన్. ఇరవై కిలోల కుక్క కదలకుండా పడుకుంటే గంటకు 10 లీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. కంగారుపడి రొప్పుతోందనుకుని రెట్టింపు వేసుకున్నా 20 లీటర్లే. అద్దాలన్నీ బిగించినా, బయటి నుంచి కొత్త గాలి చుక్క కూడా రాకపోయినా, గంట తర్వాత లోపల 20 శాతానికి పైగానే ఆక్సిజన్ ఉంటుంది. నిజానికి ఏ కారూ అంత గట్టిగా మూసుకోదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలో మనం సంతోషంగా పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ ఇంతకంటే తక్కువే. కాబట్టి కారులో కుక్కను చంపేది గాలి కొరత కాదు, వేడి. ఈ తేడా తెలియకపోతే జాగ్రత్తలన్నీ దారి తప్పుతాయి.

ఇంతకీ కారు అంత త్వరగా ఎందుకు వేడెక్కుతుంది? నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. ముందు అద్దం, పక్క అద్దాలు కలిపితే ఆ ఎండకు కావలసినంత దారి. లోపలికొచ్చిన వెలుతురును నల్లటి డాష్‌బోర్డు, సీట్లు, స్టీరింగ్ పీల్చుకుని కాలిపోతాయి. వాటిని తాకిన గాలి వేడెక్కుతుంది. లోపలున్న గాలి బరువు మొత్తం మూడున్నర కిలోలే. అంత కొంచెం గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు. బయట నేల మీది గాలి వేడెక్కితే పైకి లేచిపోతుంది, దాని చోట్లోకి చల్లటి గాలి వస్తుంది. కారులో ఆ దారి మూసుకుపోయింది.

బడి పుస్తకాల్లో దీనికి ఇంకో కారణం చదివి ఉంటాం. వెలుతురు అద్దంలోంచి లోపలికి వస్తుంది, వేడి వస్తువుల నుంచి వెలువడే పరారుణ కిరణాలు మాత్రం అద్దం దాటి బయటికి పోలేవని. అది తప్పు కాదు గానీ ప్రధాన కారణమూ కాదు. 1909లో ఆర్.డబ్ల్యు. వుడ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి అద్దం మూత, రెండోదానికి పరారుణ కిరణాలను సులువుగా పోనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. గాలి కదలకుండా ఆగిపోవడమే అసలు సంగతని తేల్చాడు.

వుడ్ కంటే చాలా ముందు, 1767లో, స్విట్జర్లాండ్‌కు చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త పొరలు పొరలుగా అద్దాలు బిగించిన పెట్టెను ఎండలో పెట్టాడు. తర్వాత మెరుగుపరిచిన పెట్టెల్లో వేడి నీళ్లు మరిగే స్థాయిని కూడా దాటింది. ఆయన ఊరుకోకుండా అలాంటి పెట్టెను ఆల్ప్స్ కొండ మీదికి మోయించాడు. పైన బయటి గాలి వణికించేంత చల్లగా ఉన్నా, పెట్టె లోపల మాత్రం మైదానంలో ఎక్కినంత వేడీ ఎక్కింది. అంటే మూసిన అద్దాల పెట్టెకు బయటి చల్లదనం పెద్దగా పట్టదు. ఎండ ఉంటే చాలు.

మన కార్లకూ ఇదే వర్తిస్తుందని 2005లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చూపించారు. రకరకాల వాతావరణం ఉన్న రోజుల్లో ఎండలో కారు నిలిపి లోపలి ఉష్ణోగ్రతను నమోదు చేశారు. గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే. బయట 22 డిగ్రీలే ఉన్న హాయైన రోజున కూడా కారు లోపల 47 దాకా వెళ్లింది. మన రెండు వేళ్ల సందునూ వాళ్లు పరీక్షించారు. అద్దాలు పూర్తిగా మూసినప్పుడు అయిదు నిమిషాలకు 1.9 డిగ్రీల చొప్పున పెరిగితే, నాలుగు సెంటీమీటర్లు దించినప్పుడు 1.7 డిగ్రీల చొప్పున పెరిగింది. కారు దిగే ముందు ఏసీతో లోపలంతా చల్లబరిచినా దక్కేది కొద్ది నిమిషాలే.

మనవాళ్లకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే పనికొచ్చేది ఆ 22 డిగ్రీల రోజు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అందరికీ తెలుసు కాబట్టి మే నెలలో కుక్కను కారులో పెట్టాలంటే ఎవరైనా ఆలోచిస్తారు. డిసెంబరులో ఎవరూ ఆలోచించరు. హైదరాబాదులో డిసెంబరు మధ్యాహ్నం ఉష్ణోగ్రత మాత్రం కాలిఫోర్నియా వాళ్ల హాయైన రోజు కంటే ఎక్కువే ఉంటుంది.

నీడలో నిలిపితే? అరిజోనాలోని టెంపీలో 38 డిగ్రీలు దాటిన రోజుల్లో చేసిన పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. ఎండలో గంటసేపు ఉన్న కార్లలో గాలి సగటున 47 డిగ్రీలకు, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో ఉన్న కార్లలో గాలి 38 దగ్గర ఉంది. నీడ మేలే, కాదనలేం. కానీ కుక్క ఒంటి వేడే దాదాపు 38.5 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి ఆ అంకెను చేరిందంటే శరీరంలో పుట్టే వేడి తనంతట తాను బయటికి పోవడం ఆగిపోయినట్టే. ఇక మిగిలింది ఒకే మార్గం, నీటిని ఆవిరి చేసి చల్లబడడం. అక్కడే కుక్కకు మనకు లేని ఇబ్బంది ఉంది.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు ఆ రకం స్వేద గ్రంథులు అరికాళ్ల మెత్తల్లో మాత్రమే ఉంటాయి. ఒళ్లు చల్లబరచడానికి అవి ఏ మూలకూ రావు. అందుకే అది రొప్పుతుంది. ఆ రొప్పు చూడ్డానికి అలసటలా ఉంటుంది గానీ లోపల జరుగుతున్నది చాలా తెలివైన ఏర్పాటు. కుక్క ముక్కు లోపల పలచటి ఎముకలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, వాటి మీద తడి పొర. గాలి ఎక్కువగా ముక్కులోంచి లోపలికి వెళ్లి, నాలుక మీదుగా నోట్లోంచి బయటికి పోతుందని 1970లో కనుగొన్నారు. ముక్కుతోనే తీసుకుని ముక్కుతోనే వదిలితే, ఆవిరి రూపంలో పోవాల్సిన వేడిలో కొంత మళ్లీ ముక్కులోనే మిగిలిపోతుంది. నోటితో వదిలితే ఆ వేడి బయటికే పోతుంది. ముక్కు పొర ఎండిపోకుండా నీళ్లు అందించడానికి పక్కన ఓ గ్రంథి కూడా ఉంది. ఎండ పెరిగేకొద్దీ అది మరింత ఊరుతుంది.

మరి నిమిషానికి మూడు వందల సార్లకు పైగా ఊపిరి ఆడిస్తే ఆ శ్రమకే ఒళ్లు వేడెక్కదా? 1962లో క్రాఫర్డ్ అనే పరిశోధకుడు దీనికి జవాబు కనిపెట్టాడు. ఛాతీకి, ఊపిరితిత్తులకు వాటి సహజమైన ఊపు ఒకటి ఉంటుంది. కుక్క రొప్పేది సరిగ్గా ఆ వేగంతోనే. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్న తోపు చాలు కదా, అలాగన్నమాట. ఆ వేగం దాటి రొప్పాల్సి వస్తే మాత్రం శ్రమ పెరుగుతుంది, ఆ శ్రమ వేడిని పెంచుతుంది.

ఈ ఏర్పాటంతా గాలి పొడిగా ఉంటేనే పనిచేస్తుంది. మూసిన కారులో కుక్క వదిలే ఆవిరి అక్కడే పోగవుతుంది. రొప్పేకొద్దీ ఉక్క పెరుగుతుంది, ఉక్క పెరిగేకొద్దీ రొప్పి లాభం తగ్గుతుంది. విజయవాడ, విశాఖ, కాకినాడ వాళ్లకు ఉక్కపోత గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ కారు తలుపు వేసేటప్పటికే గాలి తడిగా ఉంటుంది. రామగుండంలో థర్మామీటరు ఎక్కువ చూపించినా కోస్తాలో కుక్క పరిస్థితి దానికి తీసిపోదు.

ఊళ్లో వీధికుక్కలను గమనించండి. మధ్యాహ్నమయ్యేసరికి చెట్టు కిందో, బోరింగు దగ్గర తడి మట్టిని గోకి ఆ గుంటలోనో పొట్ట ఆనించి పడుకుంటాయి. నిలిపిన కార్ల కిందా దూరతాయి. (వేసవిలో బండి తీసే ముందు కిందికి ఓసారి వంగి చూడడం మంచిది.) రొప్పడం కంటే ముందు కుక్క చేసే పని చోటు మారడం. కారులో పెట్టి తాళం వేసినప్పుడు దాని నుంచి మనం లాక్కునేది ఈ మొదటి ఆయుధాన్నే.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల విషయం మరీ అన్యాయం. ఒకప్పటి మొబైల్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని మన దగ్గర పగ్ ఇంటింటి కుక్క అయింది. ముద్దుగా ఉండాలని మనిషి తరతరాలుగా దాని ముక్కును కుదించాడు. ఆవిరయ్యే తడి పొరకు చోటు తగ్గింది, గాలి దారి ఇరుకైంది. బ్రిటన్‌లో 2016లో పశువైద్యుల దగ్గర నమోదైన 9 లక్షల కుక్కల రికార్డులను పరిశీలిస్తే, లాబ్రడార్‌తో పోల్చినప్పుడు బుల్‌డాగ్‌కు వడదెబ్బ తగిలే అవకాశం 14 రెట్లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు 6 రెట్లు ఎక్కువని తేలింది. ఒళ్లంతా దట్టమైన జూలున్న చౌచౌకు దాదాపు 17 రెట్లు. చలిదేశపు హస్కీని హైదరాబాదు అపార్ట్‌మెంట్లో పెంచాలన్న మోజు నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఒంట్లో వేడి 41 డిగ్రీలు దాటితే వడదెబ్బగా లెక్క. అప్పటిదాకా ఆత్రంగా రొప్పుతూ, కిటికీకి కాళ్లు ఎత్తి గోకుతున్న కుక్క తూలడం, చొంగ కార్చడం, వాంతి చేసుకోవడం మొదలుపెడుతుంది. చిగుళ్లు ఎర్రబడతాయి. 43 డిగ్రీల దగ్గర కణాల్లోని ప్రొటీన్లు రూపం చెడిపోతాయి. పేగు గోడ దెబ్బతిని అక్కడి బ్యాక్టీరియా విషాలు రక్తంలోకి చేరతాయి. రక్తం సన్నటి నాళాల్లో గడ్డకడుతుంది, గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలన్నీ అక్కడే ఖర్చయిపోయి వేరేచోట్ల కారిపోతుంది. తర్వాత మూత్రపిండాలు, మెదడు. ఇజ్రాయెల్‌లో ఆస్పత్రికి తెచ్చిన 54 వడదెబ్బ కేసులను పరిశీలిస్తే సగం కుక్కలు బతకలేదు. గంటన్నరకు మించి ఆలస్యంగా వచ్చినవాటికి ముప్పు ఎక్కువగా ఉంది.

ఏసీ ఆన్ చేసి వదిలితే సరిపోతుంది కదా అంటారు. ఇంజన్ ఆగిపోతుంది, కంప్రెసర్ మొరాయిస్తుంది, కుక్క కాలే ఏ బటన్ మీదో పడుతుంది. అమెరికాలో పోలీసు కుక్కలు ఇలా ఏసీ ఆగిన బండ్లలోనే చనిపోయిన సంఘటనలున్నాయి. అందుకే అక్కడి పోలీసు బండ్లలో వేడి పెరిగితే అలారం మోగే పరికరాలు పెడుతున్నారు. ‘అయిదు నిమిషాల్లో వస్తా’ అనే మాట మీదా నాకు నమ్మకం లేదు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర క్యూ, అంతా అయ్యాక యూపీఐ తిరుగుతూనే ఉండడం మనకు కొత్త కాదు.

అలాగని కారునే తలచుకుని కూర్చున్నా తప్పే. బ్రిటన్‌లోనే 2016 నుంచి 2018 వరకు వచ్చిన వడదెబ్బ కేసుల్లో కారు వల్ల వచ్చినవి 5 శాతమే. దాదాపు నాలుగింట మూడు వంతులు ఎండలో నడిపించడం, పరిగెత్తించడం వల్ల వచ్చినవి. ఉదయం ఎనిమిది దాటాక వాకింగుకు తీసుకెళ్లేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

వేరేవాళ్ల కారులో కుక్క అవస్థ పడుతూ కనిపిస్తే? కాలిఫోర్నియాలో 2017 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, తలుపు తెరిచే దారి లేనప్పుడు, ప్రాణానికి ముప్పు కళ్లెదుట ఉన్నప్పుడు, ముందుగా అధికారులకు ఫోన్ చేసి మామూలు మనిషి కూడా అద్దం పగలగొట్టవచ్చు. అధికారులు వచ్చేదాకా అక్కడే ఉండాలి. అక్కడి మన తెలుగువాళ్లకు ఇది తెలిసి ఉండడం మంచిది, అయితే రాష్ట్రానికో రకం చట్టం ఉంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటిసారి తప్పుకు జరిమానా 50 రూపాయలకు మించదు. ఇప్పుడు ఆ డబ్బుకు పార్కింగ్ టికెట్ రావడమే కష్టం. కాబట్టి ఇక్కడ చేయగలిగింది మాల్ సెక్యూరిటీ చేత మైకులో కారు నంబరు చెప్పించడం, 112కు ఫోన్ చేయడం.

కుక్క బయటపడ్డాక చేయాల్సిన పని ఒక్కటే, ముందు చల్లబరచడం, తర్వాతే ఆస్పత్రికి పరుగు. చాలామంది దీన్ని తిరగేస్తారు. బ్రిటన్ రికార్డుల్లో దారిలోకి ఎక్కకముందే చల్లబరిచిన కుక్కలు సుమారు 22 శాతమే. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలని, చల్లవి పోస్తే షాక్ తగులుతుందని పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది. దాన్ని నమ్మక్కర్లేదు. కుక్క ఒంటి కంటే చల్లగా ఉన్న ఏ నీళ్లైనా పనికొస్తాయి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కనైతే తల పైకి పట్టుకుని చల్లటి నీళ్లలో కూర్చోబెట్టవచ్చు. ముసలిదైతే, గుండె జబ్బో ఊపిరి ఇబ్బందో ఉంటే, ఒళ్లంతా తడిపి ఫ్యాను గాలి తగలనివ్వాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, కాసేపటికి అదే వేడి బయటికి పోకుండా ఆపుతుంది. స్పృహలో ఉంటే తాగినన్ని నీళ్లు తాగనివ్వాలి, బలవంతంగా నోట్లో పోయకూడదు. చల్లబడి, లేచి తోక ఊపినా సరే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాలి. మూత్రపిండాల దెబ్బ, రక్తం గడ్డకట్టడంలో వచ్చే తేడా ఒకటి రెండు రోజులు గడిచాక గానీ బయటపడకపోవచ్చు.