చదరంగంలో అందరికన్నా గొప్పవాడెవరు? తూనిక మారినప్పుడల్లా మారిన జవాబు

విజయనగరంలో పిల్లల చెస్ టోర్నమెంట్ జరిగే రోజున హాల్లో కన్నా బయటే సందడి ఎక్కువ. లోపల నోరు మెదపకూడదు. బయట కుర్చీల్లో కూర్చున్న తండ్రులు, మేనమామలు, కోచింగ్ మాస్టార్లు మాట్లాడకుండా ఉండలేరు. రెండో రౌండో మూడో రౌండో నడుస్తుండగా ఎవరో ఒకరు అననే అంటారు, "కార్ల్‌సన్‌ని మించినోడు ఇంకెవడున్నాడండీ?" అని. "ఏటండీ మీరనేది? కాస్పరోవ్ ఏమైపోయాడు?" అని పక్క కుర్చీ అందుకుంటుంది. తల నెరిసినవాళ్లు ఫిషర్ అంటారు. ఆనంద్ పేరెత్తేవాళ్లు ఎలాగూ ఉంటారు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి దొమ్మరాజు గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2025 జూన్‌లో నార్వేలో కార్ల్‌సన్‌నే ఓడించాడు. ఓడినాయన బల్ల గుద్దిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అప్పట్నుంచి ఈ వాదన మరీ ముదిరింది. తెలుగు ఇంటిపేరు కనబడ్డాక ఊరుకోబుద్ధి కాదు కదా.

ఈ తగువు తెలుగువాళ్లకు కొత్తేం కాదు. కృష్ణదేవరాయల కాలంలో బొడ్డుచర్ల తిమ్మన అనే చదరంగం ఆటగాడు ఉండేవాడని, వందమంది ఒక్కటై వచ్చినా ఆయనదే గెలుపని ఒక చాటుపద్యం చెబుతుంది. పొగడ్త ఘనంగానే ఉంది. కానీ ఆయన ఏ బంటును ఎప్పుడు జరిపాడో, గుర్రాన్ని ఎక్కడ బలిచ్చాడో చూపించే ఒక్క ఆట కూడా మనకు మిగల్లేదు. పైగా మన పాత చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. ఆడిన ఆటే వేరు. కాబట్టి తిమ్మనను లెక్కలోకి తీసుకోలేం, కొట్టిపారేయనూ లేం.

ఇవాళ హాల్లోకి వెళ్లి చూస్తే ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఎత్తు వేసి, గడియారం నొక్కి, పెన్ను తీసి స్కోర్‌షీట్‌లో ఆ ఎత్తు రాసుకుంటుంది. గళ్లలో అక్షరాలు పట్టవు, పక్కకు పోతుంటాయి, అయినా రాస్తుంది. ఎప్పుడో చచ్చిపోయినవాళ్లను బతికున్నవాళ్లతో పోల్చగలుగుతున్నామంటే ఆ కాగితం చలవే.

స్కోర్‌షీట్ తర్వాత వచ్చిన కొలత టైటిల్. 1886లో స్టెయినిట్జ్, జుకర్‌టోర్ట్ ఆడిన మ్యాచ్‌ను మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్‌గా లెక్కేస్తారు. ఏళ్లు లెక్కపెడితే లాస్కర్‌ను మించినవాడు లేడు. 1894 నుంచి 1921 దాకా, 27 ఏళ్లు. అయితే ఆ రోజుల్లో టైటిల్ చాంపియన్ సొంత ఆస్తిలా ఉండేది. ఎవరితో ఆడాలో, ఎంత డబ్బు పోగుచేస్తే ఆడాలో అంతా ఆయన ఇష్టం. లాస్కర్ 1910 తర్వాత మళ్లీ టైటిల్ కోసం బల్ల ముందు కూర్చున్నది 1921లోనే. 1916 నుంచి 1924 దాకా ఒక్క గేమ్ కూడా ఓడని కాపాబ్లాంకా, 1927లో అలెఖైన్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాడు. మళ్లీ మ్యాచ్ ఇమ్మని అడిగీ అడిగీ అలసిపోయాడు. అలెఖైన్ ఇవ్వనే లేదు, బొగోల్యుబోవ్‌తో రెండుసార్లు ఆడుకున్నాడు. 1946లో చాంపియన్‌గానే చనిపోయాడు. అప్పుడు గానీ అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే పగ్గాలు పట్టలేదు. 1948లో ఐదుగురితో పోటీ పెడితే బోట్విన్నిక్ గెలిచాడు. ఆయనకూ ఒక వెసులుబాటు ఉండేది. ఓడితే రీమ్యాచ్ హక్కు. 1958లో, 1961లో టైటిల్ తిరిగొచ్చింది ఆ హక్కు వల్లే. అంచేత ఎవరు ఎన్నేళ్లు సింహాసనం మీద కూర్చున్నారని అడిగేవాళ్లు, ఏ నియమాల కింద కూర్చున్నారో కూడా అడగాలి.

ఆ తర్వాత అంకెలొచ్చాయి. అర్పాడ్ ఎలో అనే హంగేరీలో పుట్టిన అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్, ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పేలా లెక్కగట్టిన రేటింగ్‌ను ఫిడే 1970లో తీసుకుంది. ఇక వాదనలన్నీ రేటింగ్ చుట్టూ తిరిగాయి. 1972లో ఫిషర్ 2785, కాస్పరోవ్ గరిష్ఠం 2851, 2014 మేలో కార్ల్‌సన్ 2882. అయితే కార్ల్‌సనే గొప్ప, ఇంకేటి వాదన?

ఇక్కడే మన పక్క ఊరి సంగతి పనికొస్తుంది. విజయనగరం దగ్గరి కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ అంటే తెలియని ఇల్లుండదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ 240 ఇవాళా 240 కిలోలే, వందేళ్ల తర్వాతా అంతే. చదరంగంలో అలాంటి ఇనుము లేదు. ఎదురుగా కూర్చున్న మనిషే బరువు, ఆ మనిషి కాలాన్ని బట్టి మారిపోతాడు. ఎలో లెక్క చెప్పేది కూడా ఇద్దరి మధ్య తేడానే. రేటింగ్‌లో 100 తేడా ఉంటే పై వాడికి వంద గేముల్లో, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున, 64 పాయింట్ల దాకా రావాలి, అంతే. 1972 నాటి 2785ని 2014 నాటి 2882 పక్కన నిలబెట్టి ఇది పెద్దదనడం ఆ లెక్క పెట్టినాయన ఉద్దేశం కాదు. తేడానే చూస్తే బొమ్మ తిరగబడుతుంది. ఫిషర్‌కు 2785 ఉన్నప్పుడు రెండో స్థానంలోని స్పాస్కీకి 2660. ఏకంగా 125 పాయింట్ల దూరం. అంతకుముందు ఏడాది తైమనోవ్‌ను 6-0, లార్సెన్‌ను 6-0తో ఊడ్చేశాడు. అంత పైస్థాయిలో అలాంటి స్కోర్లు ఎవరూ ఊహించరు. కానీ 1972లో చాంపియన్ అయినవాడు 1975లో తనను సవాలు చేసిన కార్పోవ్‌తో ఆడకుండానే టైటిల్ వదిలేశాడు. శిఖరం ఎత్తుగానే ఉంది, దాని మీద నిలబడింది మాత్రం కొద్దికాలమే. ఫిషర్ అభిమానులకు నేను చెప్పే మాట ఇదొక్కటే, వాళ్లు వినరనీ తెలుసు.

1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ కాస్పరోవ్‌ను 3.5-2.5తో ఓడించాక మరో తూనిక చేతికొచ్చింది. పాత ఆటలను యంత్రానికిచ్చి ఎవరు తక్కువ తప్పులు చేశారో చూడొచ్చు. 2006లో స్లొవేనియాకు చెందిన గుయిద్, బ్రాట్కో ఇలాగే ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లను పరీక్షిస్తే పైన తేలింది కాపాబ్లాంకా. దాని మీదా పేచీలున్నాయి. కాపాబ్లాంకా ఆటను సులువుగా ఉంచుకునేవాడు, సులువైన చోట తప్పులు తక్కువే దొర్లుతాయి. మరో పాత చాంపియన్ తాల్ సంగతి పూర్తిగా వేరు. ఆయన బలిచ్చే పావులకు యంత్రం మార్కులు కోస్తుంది, కానీ గడియారం పరుగెడుతుంటే ఎదుటి మనిషికి టెన్షన్‌తో చెమటలు పట్టేవి. ఇంకొకటి, ఇవాళ శ్రీకాకుళంలో తొమ్మిదో తరగతి కుర్రాడికి సిసిలియన్ డిఫెన్స్ అనే ఓపెనింగులో తెలిసిన ఎత్తుల వరసలు లాస్కర్‌కు తెలియవు. అంతమాత్రాన కుర్రాడు లాస్కర్‌కన్నా గొప్పవాడవుతాడా?

మన ఆనంద్ మాటకొస్తే, 2000లో నాకౌట్ పద్ధతిలో, 2007లో టోర్నమెంట్‌లో, 2008లో క్రామ్నిక్‌తో మ్యాచ్‌లో, మూడు రకాల పోటీల్లోనూ ప్రపంచ టైటిల్ గెలిచాడు. మొదటి పదిమందిలో ఉంటాడు, మొదటివాడు కాడు. ఇలా అన్నందుకు నాతో కొన్నాళ్లు మాట్లాడనివాళ్లూ ఉన్నారు. ఇక ఈ జాబితాలో ఆడవాళ్ల పేరు రాకపోవడం హంపి, హారిక ఆటలు చూస్తూ పెరిగిన మన ఆడపిల్లలకు మింగుడుపడదు. మహిళల టైటిల్ జోలికే వెళ్లకుండా మగవాళ్ల మధ్య ఆడి 2735 రేటింగుతో ప్రపంచంలో 8వ స్థానానికి చేరిన జుడిత్ పోల్గార్‌ను మాత్రం ఎవరూ మరవకూడదు.

నా ఓటు కాస్పరోవ్‌కే. రేటింగ్ చూసి కాదు, కార్పోవ్‌ను చూసి. 1984 నుంచి 1990 దాకా ఐదు టైటిల్ మ్యాచ్‌ల్లో ఆ ఇద్దరూ 144 గేములు ఆడారు. కాస్పరోవ్ గెలిచినవి 21, కార్పోవ్ 19, డ్రాలు 104. మొదటి మ్యాచ్‌లో గెలిచిన గేముల లెక్కన కాస్పరోవ్ 3-5తో వెనకబడి ఉన్నాడు. 48 గేముల తర్వాత ఫిడే ఆ మ్యాచ్‌నే ఆపేసింది. చరిత్రలోని గొప్ప చాంపియన్లలో ఒకడు ఐదుసార్లు ఎదురుగా కూర్చుంటే, అతని దగ్గరే టైటిల్ గెలిచి, అతణ్ని కాచుకుని, 2000 దాకా దాన్ని నిలబెట్టుకున్నాడు. 2005లో రిటైరయ్యే నాటికీ నంబర్ వన్ ఆయనే. కార్ల్‌సన్‌కు చుట్టూ గట్టివాళ్లు చాలామంది ఉన్నారు గానీ అలా ఏళ్ల తరబడి పీక మీద కూర్చున్న కార్పోవ్ లేడు. పైగా 2018లో కరువానాతో 12 గేములూ డ్రా అయ్యాయి, టైటిల్ తేలింది తక్కువ టైములో ఆడే ర్యాపిడ్‌లో. అందులో కార్ల్‌సన్‌ను కొట్టేవాడు లేడనే మాటా నిజమే.

కాస్పరోవ్ మీద మచ్చ లేదని కాదు. 1993లో షార్ట్‌తో కలిసి ఫిడే నుంచి బయటికెళ్లి వేరే టైటిల్ పెట్టింది ఆయనే. ఆ చీలిక 2006 దాకా అతకలేదు. చిత్రంగా, టైటిల్ మీద విసుగెత్తి 2023లో వదిలేసిన కార్ల్‌సన్ ఇప్పుడు ఫ్రీస్టైల్ చెస్ వైపు మళ్లాడు. వెనక వరుస పావుల చోట్లు మార్చేసి ఆడే ఆ పద్ధతి 1996లో ఫిషర్ ప్రకటించినదే. అందులో విజేతను ప్రపంచ చాంపియన్ అనొచ్చా అని 2025 మొదట్లో ఫిడేకూ ఆ నిర్వాహకులకూ గొడవైంది. బట్టీపట్టిన ఓపెనింగులు పనికిరాని ఆ ఆట నాలుగు కాలాలు నిలబడితే, వాదించుకోవడానికి ఇంకో కొత్త తూనిక దొరికినట్టే.