ఊదా లేజర్ కొనే ముందు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

ప్రాజెక్టు కోసం ఊదా లేజర్ డయోడ్ (లేజర్ కాంతినిచ్చే చిన్న ఎలక్ట్రానిక్ భాగం) చవగ్గా, తక్కువ పవర్‌ది ఎక్కడ దొరుకుతుందని అడిగారు కదా. అది దేనికోసం తయారైందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

సీడీని చదివేది 780 నానోమీటర్ల అల పొడవున్న కాంతి, డీవీడీని 650, డీవీడీ తర్వాత వచ్చిన బ్లూరే డిస్కుని 405, అదే మీరడిగిన ఊదా. అల పొట్టిదయ్యేకొద్దీ డిస్కు మీద పడే కాంతి చుక్క సన్నబడి, అంతే డిస్కులో ఎక్కువ సమాచారం పడుతుంది. ఆ 405 కాంతినిచ్చే గాలియం నైట్రైడ్ డయోడ్‌ను జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా 1990లలో సాధించాడు. 2006లో కూడా ఇవి చాలినన్ని తయారుకాక, సోనీ బ్లూరే డ్రైవ్ ఉన్న తన ఆటల యంత్రం ప్లేస్టేషన్ 3ని యూరప్‌లో 2007 మార్చికి వాయిదా వేసుకుంది. బ్లూరే కోసం పెద్ద ఎత్తున తయారు చేశారు కాబట్టే ఇవాళ మనదాకా వచ్చాయి.

మన ఇళ్లలో డీవీడీ ప్లేయర్లే ఎక్కువ, బ్లూరేలు అరుదు. పాత సామాన్ల కొట్లో దొరికేది చాలావరకు ఎర్ర డయోడే. బ్లూరే డ్రైవ్ దొరికినా, డిస్కు మీద రాసే రకమైతే ముట్టుకోవద్దు, దాని డయోడ్ వందల మిల్లీవాట్లు ఇవ్వగలదు. పైగా విడి డయోడ్ వేలి మీది స్థిర విద్యుత్తుకే పాడవుతుంది, కరెంటు కాస్త ఎక్కువైతే క్షణంలో పోతుంది. అందుకే లెన్సు, కరెంటును అదుపులో ఉంచే డ్రైవర్ బిగించి ఉన్న 405 మాడ్యూల్, 5 మిల్లీవాట్లు మించనిది అడగండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఇలాంటి వాటిని వాకబు చేయాల్సిన చోట్లు.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టే సంగతి. మన కంటికి 405 కాంతి చాలా మసగ్గా కనిపిస్తుంది. అదే పవరున్న ఆకుపచ్చ లేజర్ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది, ఇది మాత్రం ఏమీ లేనట్టే ఉంటుంది. మసగ్గా ఉంది కాబట్టి రెప్ప వెంటనే పడదు, కంటి లోపలి తెర రెటీనాకు మాత్రం దెబ్బ తగులుతుంది. చీటీ మీద 5 అని రాసి ఉన్నా లోపల అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి 405కు పనికొస్తాయని రాసి ఉన్న కళ్లద్దాలు కూడా కొనండి. చీకటి గదిలో కంటిపాప విప్పారుతుంది, అందుకే లేజర్‌ను లైటు వేసిన గదిలోనే, పెద్దవాళ్ల ముందే వెలిగించాలి. అద్దం, స్టీలు గిన్నెలు ఎదురుగా ఉండకూడదు.

వస్తువులు మెరవడం చూడటమే మీకు కావాలంటే లేజర్ అక్కర్లేదు, చిన్న ఊదా ఎల్‌ఈడీ టార్చి చాలు. కళ్లలోకి వేసుకోకుండా వాడండి. సర్జికల్ స్పిరిట్‌లో చిటికెడు పసుపు కలిపి తేర్చి, చీకట్లో ఆ వెలుగు పడేలా చూడండి, పచ్చటి మెరుపు వస్తుంది. పాలకూర నూరి, పసుపు కలపని స్పిరిట్‌లో వేసి వడకడితే, ఆ వెలుగులో ఆకుపచ్చ నీళ్లు ఎర్రగా మెరుస్తాయి, పత్రహరితం చేసే పని అది. స్పిరిట్ దగ్గర పొయ్యి, అగ్గిపుల్ల ఉండకూడదు.

ముందు ఈ రెండూ చేసి రాయండి. లేజరే కావాలనిపిస్తే మాడ్యూల్ తెప్పించి ఉంచండి, దసరాకు వచ్చినప్పుడు కలిసి బిగిద్దాం.

మీ తాతయ్య