కుర్చీలోంచి లేవడం ఒక టెస్ట్ ఎలా అయ్యింది

అరవై దాటినవాళ్ళని చెకప్‌కి తీసుకెళ్తే షుగరు, బీపీ, కొలెస్ట్రాలు, మోకాళ్ళు నొప్పంటే ఒక ఎక్స్‌రే, ఇంతవరకే చూస్తారు. తొడల్లో కండ ఎంత కరిగింది, చేతిలో పట్టు ఎంత మిగిలింది అన్నది మన దగ్గర అడిగేవాళ్ళు తక్కువ, ఇంట్లోవాళ్ళం కూడా వయసు మీద పడింది కదా అని వదిలేస్తాం. డాక్టర్లు కూడా చాలా ఏళ్ళు అలాగే వదిలేశారు.

1988లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, ఆల్బుకర్కీ ఊళ్ళో వృద్ధుల ఆరోగ్యం, తిండి మీద ఒక మీటింగ్ జరిగింది. అక్కడ ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే పోషకాహార పరిశోధకుడు లేచి, వయసుతో పాటు ఒంట్లో కండ తగ్గినంతగా ఇంకేదీ తగ్గట్లేదు, అయినా దీన్నెవరూ పట్టించుకోవట్లేదు, ముందు దీనికో పేరు పెడదాం అన్నాడు. అలా వచ్చిందే సార్కోపీనియా. పేరైతే వచ్చింది గానీ ఎవరికి ఉంది ఎవరికి లేదు అని తేల్చే పద్ధతి రాలేదు. దానికి ఇంకో పదేళ్ళు పట్టింది, 1998లో అదే న్యూమెక్సికోలో బామ్‌గార్ట్‌నర్ అనే పరిశోధకుడి టీమ్ చేతులూ కాళ్ళలో ఉన్న కండ బరువుని ఎత్తు స్క్వేర్‌తో భాగించి, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళ సగటు కంటే రెండు స్టాండర్డ్ డీవియేషన్లు, అంటే మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కంటే బాగా కిందికి పోతే సార్కోపీనియా అని లెక్క కట్టింది. ఎముకలు గుల్లబారాయా లేదా అని చూసే లెక్కలాంటిదే ఇదీను. కండని సరిగ్గా కొలవాలంటే మాత్రం ఎక్స్‌రేతో ఒంట్లో కండ, కొవ్వు, ఎముక విడివిడిగా లెక్కగట్టే డెక్సా స్కాన్ కావాలి, అది పెద్ద ఊళ్ళలో తప్ప దొరకదు.

నాకు వింతగా అనిపించేది ఏంటంటే, దీనికి మందేంటో అప్పటికే తెలుసు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల కేర్ సెంటర్‌లో మరియా ఫియాటరోన్ వాళ్ళు సగటున తొంభై ఏళ్ళున్న పదిమందిని తీసుకుని ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు, అదీ నామమాత్రపు బరువులు కాదు, గట్టి బరువులే. చివరిదాకా చేసింది తొమ్మిదిమంది, వాళ్ళ తొడ బలం సగటున 174 శాతం పెరిగింది, కండ సైజు మాత్రం పెరిగింది 9 శాతమే. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తేనే అర్థమవ్వాలి, బలం వేరు కండ వేరు అని. అయినా ఇంకో ఇరవై ఏళ్ళు అందరూ కండని కొలవడం చుట్టూనే తిరిగారు.

2010లో సార్కోపీనియా మీద పనిచేసే యూరప్ నిపుణుల వర్కింగ్ గ్రూప్ కండ ఒక్కటే చాలదు, దాంతో పాటు బలమో నడకో కూడా తగ్గి ఉండాలి అంది. 2018లో కూర్చుని తిరగరాసి ఈసారి బలాన్నే ముందు పెట్టారు. గుప్పిట బిగించి కొలిచే చేతి పట్టు మగవాళ్ళలో 27 కేజీల లోపు, ఆడవాళ్ళలో 16 లోపు ఉన్నా, లేదా చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 15 సెకండ్లు దాటినా, స్కాన్ వచ్చేదాకా ఆగకుండా వ్యాయామం, తిండి మొదలుపెట్టమన్నారు. ఆసియా దేశాల గ్రూప్ 2014లో తన అంకెలు ఇచ్చి 2019లో మార్చింది. పట్టు మగవాళ్ళకి 28, ఆడవాళ్ళకి 18 కేజీల లోపు, కుర్చీకి 12 సెకండ్లు, ఆపైన, పిక్క చుట్టుకొలత మగవాళ్ళకి 34, ఆడవాళ్ళకి 33 సెంటీమీటర్ల లోపు ఉంటే అనుమానించమంది. అంటే టైలర్ టేపుతో అయిపోయే పని.

మధ్యలో 2013లో సార్క్-ఎఫ్ అని ఐదు ప్రశ్నల ఫారం ఒకటొచ్చింది: నాలుగున్నర కేజీల బరువు మోయగలరా, గదిలో నడవగలరా, కుర్చీలోంచి లేవగలరా, మెట్లు ఎక్కగలరా, ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు. పదికి నాలుగు, ఆపైన వస్తే తేడా ఉన్నట్టు. చిక్కేంటంటే ఈ ఫారం సార్కోపీనియా ఉన్నవాళ్ళలో చాలామందిని పట్టకుండా వదిలేస్తుంది. మనవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దాయన్ని మెట్లెక్కడం కష్టమా అంటే ఎక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తుండదు, మామ్మగారినడిగితే నాకేం బానే ఉన్నానమ్మా అంటుంది, లేచేటప్పుడు మాత్రం రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేస్తుంది. అందుకే చేతులు కట్టుకుని లేవమనేది.

ఇండియాకొచ్చేసరికి ఇంకో గొడవ. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన దిగిన ఫోటో ఒకటి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మనం సన్నగా కనపడతాం గానీ అందులో కండ పాలు తక్కువ. కాబట్టి వేరే దేశాల హద్దు గీత మనకి పెడితే లెక్క తప్పుతుంది. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి డాక్టర్లు అక్కడి ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళని కొలిచి గీత గీస్తే కండ విషయంలో అది ఆసియా గ్రూప్ గీత కంటే కిందకే వచ్చింది. ఇక పట్టు కొలవడం మన దగ్గర జరగని పనేం కాదు, 2017-18లో దేశమంతా పెద్దవాళ్ళ మీద చేసిన లాసీ సర్వేలో 45 దాటినవాళ్ళు, వాళ్ళ భార్యాభర్తలు కలిపి 72 వేలమంది పైచిలుకు ఇళ్ళకెళ్ళినప్పుడు అదీ కొలిచారు.

రోజూ ఇళ్ళకెళ్ళే ఆశా వర్కర్లు జబ్బుల ముప్పు తెలుసుకోడానికి నింపే సీబాక్ ఫారంలో మాత్రం పెద్దవాళ్ళకి ప్రశ్నలే ఉన్నాయి: నిలబడినా నడిచినా తూలుతున్నట్టుందా, రోజువారీ పనులకి ఎవరైనా సాయం పట్టాలా అని. సాయం పట్టే దశ అంటే అప్పటికే ఆలస్యం. కుర్చీ టెస్ట్ దానికి ఎన్నో ఏళ్ళ ముందే చెప్పగలదు, గోడకి ఆనించిన కుర్చీ, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు, నిమిషం పని.

తేడా తేలాక ఇచ్చే మాత్ర ఇప్పటికీ ఏదీ లేదు, బోస్టన్‌లో చేయించిన బరువులెత్తే పద్ధతే, దాంతో పాటు ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, 2020 లెక్క పెద్దలకి కేజీ బరువుకి 0.83 గ్రాములు, వృద్ధుల మీద పనిచేసే నిపుణులు 2013 నుంచీ కేజీకి 1–1.2 గ్రాములు తినమంటున్నారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే పెంచాలి. యాభై కేజీల మామ్మగారికి రోజుకి 50, 60 గ్రాములన్నమాట, పలచటి చారూ మజ్జిగన్నంతో అందులో సగం కూడా రాదు.