గంజాయి, సీబీడీ, కంటి నాడులు: అపోహలు - వాస్తవాలు

కంట్లో పీడనం వల్ల దృశ్య నాడి దెబ్బతిని చూపు పోయే జబ్బు గ్లకోమా, మన ప్రాంతాల్లో నీటికాసులు అంటారు. దానికి చికిత్స చేసే వైద్యుడిగా నన్ను ఈమధ్య చాలామంది గంజాయి గురించి, ఆ మొక్కలోనే ఉండే మత్తు లేని పదార్థమైన సీబీడీ నూనె గురించి అడుగుతున్నారు. అమెరికాలో ఉంటున్న పిల్లలు అక్కడి దుకాణాల్లో చూసి తల్లిదండ్రులకు చెబుతున్న మాటలే చాలావరకు ఈ ప్రశ్నలకు కారణం.

అపోహ: కంట్లో పీడనం పెరిగితే నాడులు నొప్పితో చెబుతాయి, నొప్పి తగ్గితే పీడనం తగ్గినట్టే.

వాస్తవం: మిగిలిన అపోహలకు ఇదే మూలం. కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియాలో నొప్పిని గ్రహించే నాడీ తంతువులు చర్మంలో కంటే కొన్ని వందల రెట్లు దట్టంగా ఉంటాయి. వాటిలో సుమారు ఐదో వంతు తాకిడికి, ఒరిపిడికి మాత్రమే స్పందిస్తాయి. ఎక్కువ భాగం వేడికి, ఘాటైన రసాయనాలకు కూడా స్పందిస్తాయి. అవి కంటి ఉపరితలాన్ని కాపాడేవే తప్ప, లోపల నెలల తరబడి మెల్లగా పెరిగే పీడనాన్ని మనకు తెలియజేసేవి కావు. ఆ పీడనాన్ని పసిగట్టే పని చాలావరకు, కంటిలోని ద్రవం బయటికి పోయే జల్లెడలాంటి కణజాలంలోని కణాలది. పొర సాగినప్పుడు తెరుచుకునే పీజో1, టీఆర్‌పీవీ4 అనే అయాన్ మార్గాలు ఆ కణాలకు ఉన్నాయి కానీ, అవి మనకు నొప్పిని తెలిపే నాడులు కావు. అందుకే సాధారణంగా 10 నుంచి 21 మి.మీ. (పాదరసం) మధ్య ఉండే పీడనం 30 దాటినా రోగికి ఏ బాధా తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ జరిపిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో గ్లకోమా ఉన్నట్టు తేలినవారిలో అత్యధికులకు ఆ సంగతి అంతకుముందు తెలియదు.

అపోహ: గంజాయి నాడులను మొద్దుబార్చి పీడనాన్ని తగ్గిస్తుంది.

వాస్తవం: పీడనం తగ్గే మాట నిజమే. కాలిఫోర్నియాలో హెప్లర్, ఫ్రాంక్ అనే పరిశోధకులు 1971లోనే ఆ సంగతి ప్రచురించారు. ఆ తగ్గుదల సుమారు 25 నుంచి 30 శాతం వరకు ఉంటుంది. అయితే కంటిలోని ద్రవం ఊరే చోట, బయటికి పోయే చోట ఉన్న సీబీ1 అనే గ్రాహకాలపై గంజాయిలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీ పనిచేయడం వల్ల అది జరుగుతుంది. కార్నియా నొప్పి తగ్గడం వేరే సంగతి. కానబినాయిడ్లు (టీహెచ్‌సీ, సీబీడీ లాంటి పదార్థాలు) ఆ నొప్పిని తగ్గించగలవని ఎలుకలపై ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి ఒకదాన్ని చూసి మరొకటి జరిగిందనుకోకూడదు. ముఖ్యంగా, ద్రవం పోయే దారి హఠాత్తుగా మూసుకుపోయి వచ్చే గ్లకోమాలో కన్ను, తల భరించలేనంతగా నొప్పి పెడతాయి; ఆ నొప్పిని అణచుకుని ఇంట్లో కూర్చుంటే గంటల్లోనే చూపు పోవచ్చు.

అపోహ: అయితే మందులు మానేసి దీన్నే వాడవచ్చు.

వాస్తవం: ఆ ప్రభావం మూడు నాలుగు గంటలకు మించి నిలవదు. రాత్రింబవళ్లు పీడనాన్ని అదుపులో ఉంచాలంటే రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు, నిద్ర లేచి మరీ తీసుకోవాలి; ఆ మత్తులో పని చేయడం, బండి నడపడం కుదరవు. రక్తపోటు పడిపోతే, అసలే దెబ్బతిన్న దృశ్య నాడికి రక్తప్రసరణ తగ్గే ప్రమాదమూ ఉంది. వ్యాధి ముదిరిన తొమ్మిది మంది రోగులకు ఈ చికిత్స ఇచ్చిన ఒక అమెరికన్ వైద్యుడు, వివిధ కారణాలతో అందరూ తొమ్మిది నెలల లోపే మానేశారని 2002లో నివేదించారు. రోజుకు ఒక్క చుక్క లాటానోప్రోస్ట్ అనే కంటి మందు అంతే తగ్గుదలను రోజంతా ఇస్తుంది.

అపోహ: సీబీడీకి మత్తు లేదు కనుక కంటికి హాని లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. 2006లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో నాలుక కింద 40 మి.గ్రా. సీబీడీ తీసుకున్నవారికి కంటి పీడనం తగ్గకపోగా కొంతసేపు పెరిగింది. 2018లో ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో అదే పెరుగుదలను చూశారు. టీహెచ్‌సీ వల్ల కలిగే తగ్గుదలను కూడా సీబీడీ అడ్డుకుంది.

ఇప్పటికే వీటిలో ఏదైనా వాడుతున్నవారు ఆ సంగతి కంటి వైద్యుడికి దాచకుండా చెప్పాలి. పరీక్షకు రెండు గంటల ముందు టీహెచ్‌సీ తీసుకుని వస్తే మా పరికరంలో పీడనం తక్కువగా కనిపిస్తుంది, దాన్ని నమ్మి మేము మందు పెంచకుండా పంపించే ప్రమాదం ఉంటుంది.