లారీ ఇంజిన్ మార్చేటప్పుడు వినిపించే బ్లాకు మాటలు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించే పనిలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. ఇంజిన్ పోయిన బండిని మరో బండికి కట్టి లాగించుకొచ్చిన యజమాని మొదట అడిగేది ‘మొత్తం ఎంతవుతుంది?’ అని. ఆ ‘మొత్తం’లో ఏమేమి వస్తాయో అమ్మేవారికీ కొనేవారికీ ఒకే అవగాహన లేకపోవడం వల్ల జరిగిన నష్టాలు చాలా చూశాను. హాఫ్ ఇంజిన్, షార్ట్ బ్లాక్, లాంగ్ బ్లాక్, ఫుల్ ఇంజిన్, ఖాళీ బ్లాకు అనే మాటలు రోజూ వినిపిస్తాయి గానీ, వాటి వెనుక ఉన్న సరుకు ఒక్కో దుకాణంలో ఒక్కో రకంగా ఉంటుంది. లక్షల రూపాయలు, నెలల తరబడి కట్టవలసిన వాయిదాలు దీని మీద ఆధారపడి ఉంటాయి కనుక, యజమానులూ డ్రైవర్లూ తరచుగా పొరబడే విషయాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: హాఫ్ ఇంజిన్ అన్నా, షార్ట్ బ్లాక్ అన్నా ఎక్కడైనా ఒకే సరుకు ఇస్తారు.

వాస్తవం: సిలిండర్ బ్లాకు (పిస్టన్లు కదిలే సిలిండర్లున్న ఇంజిన్ మొండెం), అందులో అమర్చిన క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు), దాన్ని బ్లాకులో మోసే మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్లు, పిస్టన్లు, రింగులు కలిపి షార్ట్ బ్లాక్ అంటారు. మన మార్కెట్లో దాన్నే హాఫ్ ఇంజిన్ అని పిలుస్తారు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. తేడాలు దీని తరువాతే మొదలవుతాయి. క్యామ్ షాఫ్టు (వాల్వులను తెరిపించే ఇరుసు) బ్లాకులోనే ఉండే ఇంజిన్లలో క్యామూ టైమింగ్ గేర్లూ కలిపి ఇచ్చేవారు కొందరు, ఇవ్వనివారు కొందరు. ఆయిల్ పంపు, ఆయిల్ చాంబరు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ముందు కవరు, ఫ్లైవీల్ హౌసింగు విషయంలోనూ ఇదే పరిస్థితి. ధర తక్కువ చెప్పిన వ్యక్తి నిజానికి తక్కువకు ఇవ్వడం లేదు, తక్కువ సామాను ఇస్తున్నాడని చివరి బిల్లు చూసుకున్నప్పుడు గాని అర్థం కాదు.

ఒకసారి బయటి నుంచి తెప్పించిన ఆరు సిలిండర్ల హాఫ్ ఇంజిన్‌ను బిగించే ముందు, అలవాటు ప్రకారం స్టాండు మీద తలకిందులుగా తిప్పి టార్చి వేసి చూశాను. పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే చిన్న నాజిళ్లు ఉండవలసిన ఆరు చోట్లా ఖాళీ రంధ్రాలు కనిపించాయి. వేలి గోరంత ఉండే ఆ నాజిళ్లు లేకుండా టర్బో ఇంజిన్‌ను లోడు మీద నడిపితే పిస్టన్ వేడి దిగదు, ఆ తెరిచిన రంధ్రాల గుండా ఆయిల్ ప్రెషరు కూడా పడిపోతుంది. పంపినవారిని అడిగితే ‘అవి హాఫ్ ఇంజిన్‌లో రావు’ అన్నారు. వారి లెక్కలో అది నిజమే కావచ్చు. అందుకే నేను పేరు చూసి ధర ఒప్పుకోను. ఏ భాగం వస్తుందో, ఏది రాదో కాగితం మీద ఒక్కొక్కటిగా రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇమ్మని యజమానులకు చెబుతాను.

అపోహ: లాంగ్ బ్లాక్ కొంటే మొత్తం ఇంజిన్ కొన్నట్టే.

వాస్తవం: షార్ట్ బ్లాకుకు సిలిండర్ హెడ్డు, వాల్వులు, రాకర్లు, పుష్ రాడ్లు చేరితే లాంగ్ బ్లాక్ అవుతుంది. టర్బో, ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, మానిఫోల్డులు, స్టార్టరు, ఆల్టర్నేటరు, ఎయిర్ కంప్రెసరు సాధారణంగా అందులో ఉండవు. పాత ఇంజిన్ మీద నుంచి విప్పి దీనికి బిగించుకోవాలి. అన్నీ బిగించి, స్టార్టు చేయడానికి సిద్ధంగా ఇచ్చేదే ఫుల్ ఇంజిన్.

పాత భాగాలను కొత్త బ్లాకు మీదికి మార్చే ఈ దశలోనే ఎక్కువ ఇంజిన్లు రెండోసారి పోతాయి. బేరింగు అరిగి పోయిన ఇంజిన్‌లో లోహపు పొడి ఆయిల్‌తో పాటు ప్రతి దారిలోకీ వెళుతుంది. ఆయిల్ కూలరు లోపలి సన్నని మడతల్లో చేరిన పొడిని ఎంత డీజిల్ పోసి కడిగినా పూర్తిగా తీయలేము. వేరే చోట లాంగ్ బ్లాక్ వేయించుకున్న ఒక బండి మూడు వారాలు తిరగకముందే మా షెడ్డుకు వచ్చింది. చాంబరు దించి చూస్తే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చివర) బేరింగుల మీద గీతలు పడి, కింది రాగి రంగు పొర బయటపడి ఉంది. పాత కూలరును నిలువుగా పట్టుకుని తెల్లటి గుడ్డ మీద తట్టాను. దీపం వెలుగులో మెరిసే రజను గుడ్డ నిండా రాలింది. కొత్త బ్లాకులో ఏ దోషమూ లేదు. కూలరుకు డబ్బు మిగుల్చుకోబోయి ఇంజిన్‌నే పోగొట్టుకున్న ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బేరింగు పోయిన ఏ ఇంజిన్‌కైనా ఆయిల్ కూలరు మార్చాలి, టర్బోకు వెళ్లే ఆయిల్ పైపులు శుభ్రం చేయాలి, టర్బో షాఫ్టు ఆట (వదులు) చూడాలి. ఇంజిన్ వేడెక్కి పోయి ఉంటే హెడ్డు మీద అనుమానం పెట్టుకోవాలి. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజితో వంపు చూడాలి, ప్రెషర్ టెస్టు చేయించాలి. వాల్వు సీట్ల మధ్య వెంట్రుకంత పగులున్న హెడ్డును కొత్త షార్ట్ బ్లాకు మీద బిగిస్తే, పాత రోగం కొత్త ఇంజిన్‌కు అంటుకున్నట్టే.

అపోహ: ఖాళీ బ్లాకు (లోపల ఏ భాగమూ లేని ఒట్టి బ్లాకు) ఒకటి దొరికితే చాలు, మెయిన్ క్యాపులు పాతవి వేసుకోవచ్చు.

వాస్తవం: మెయిన్ బేరింగు క్యాపులను (క్రాంకును బ్లాకుకు పట్టి ఉంచే మూతలను) బ్లాకుకు బిగించిన తరువాతే క్రాంకు కూర్చునే వరుస రంధ్రాలను ఒకే గీతలో కోస్తారు. అందువల్ల ఆ క్యాపులు ఆ బ్లాకుకే సొంతం. వాటి వరుస నంబర్లు, దిశ కూడా మారకూడదు. వేరే బ్లాకు క్యాపులు చూడటానికి సరిపోయినట్టే ఉంటాయి, బోల్టులూ పడతాయి, కానీ రంధ్రం గుండ్రంగా రాదు, క్రాంకు చేతితో తిప్పినప్పుడు పట్టేస్తుంది. లైన్ బోరింగు (ఆ వరుస రంధ్రాలను మళ్లీ ఒకే గీతలో కోయించడం) చేయించకుండా అలాంటి బ్లాకు వాడకూడదు. క్యాపులు లేని సెకండ్ హ్యాండ్ బ్లాకును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దనే చెబుతాను. ఫ్రాక్చర్ స్ప్లిట్ పద్ధతిలో విరిచి చేసిన కనెక్టింగ్ రాడ్లకు ఈ నియమం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఆ విరుపు గరుకు ఒక జతకు ఉన్నట్టు మరో జతకు ఉండదు.

అపోహ: లైనరు (సిలిండరు గోడగా లోపల దించే గొట్టం) లేని బ్లాకు అరిగిపోతే పారేయవలసిందే.

వాస్తవం: సిలిండరు గోడ మూడు రకాలుగా ఉంటుంది. వెట్ లైనరు బయటి వైపు నేరుగా నీళ్లు తగులుతాయి. కింద ఓ-రింగులు (రబ్బరు వలయాలు) నీటిని ఆపుతాయి, పైన అంచు బ్లాకు తలం కంటే మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన పైకి ఉండి గ్యాస్కెట్టును నొక్కి పడుతుంది. డ్రై లైనరు బ్లాకు రంధ్రంలోకి దూర్చే పలుచని గొట్టం. దానికి నీళ్లు తగలవు. మూడోది లైనరే లేకుండా బ్లాకు ఇనుమే సిలిండరు గోడగా ఉండే రకం. మన రోడ్ల మీద విరివిగా తిరిగిన 5.9 లీటర్ల కమిన్స్ బి సిరీస్ ఇంజిన్ ఈ మూడో రకానికి చెందినదే. దాని బోరు (సిలిండరు రంధ్రం వ్యాసం) 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 120 మిల్లీమీటర్లు. ఇలాంటి బ్లాకును కంపెనీ అనుమతించిన ఓవర్ సైజు వరకు బోరింగు (రంధ్రం కోయడం), హోనింగు (గోడకు తుది మెరుగు పెట్టడం) చేయవచ్చు. ఆ హద్దు దాటితే రిపేర్ స్లీవు దించి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తేవచ్చు. మెషిన్ షాపు పనితనం బాగుంటే అది మంచి ఆయుష్షుతో నడుస్తుంది.

వెట్ లైనరు ఇంజిన్ల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేయాలి. కూలెంటు మానేసి బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లలో లైనరు బయటి గోడకు సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. లైనర్ల కిట్టు మారుస్తే అవి పోతాయి గానీ, ఓ-రింగు కూర్చునే చోట బ్లాకే తినేసి ఉంటే కొత్త లైనరు వేసినా నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. లైనర్లు లాగిన తరువాత ఆ గాడిని వేలితో తడిమి చూసే బ్లాకు పనికొస్తుందో లేదో చెప్పాలి.

అపోహ: ఓవర్ సైజు, అండర్ సైజు అంటే ఎవరి వాడుక వారిది, రెండూ ఒకటే.

వాస్తవం: సిలిండరు కోస్తే రంధ్రం పెద్దదవుతుంది కనుక పిస్టన్ ఓవర్ సైజుది కావాలి. క్రాంకు గ్రైండింగు చేస్తే జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) సన్నబడుతుంది కనుక బేరింగు అండర్ సైజుది కావాలి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో ‘10’ అన్నా, మిల్లీమీటర్లలో 0.25 అన్నా దాదాపు ఒకటే. ‘20’ అంటే 0.50. రీకండిషన్ చేసిన షార్ట్ బ్లాక్ కొంటున్నప్పుడు బోరు ఏ సైజులో ఉందో, క్రాంకు మెయిన్లు, బిగ్ ఎండ్లు ఏ సైజులో ఉన్నాయో విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి. ఇప్పటికే చివరి సైజుకు వచ్చిన క్రాంకు ఉన్న ఇంజిన్‌ను, స్టాండర్డ్ క్రాంకు ఉన్నదాని ధరకు కొన్నవారు నా దగ్గరకు ఎందరో వచ్చారు.

అపోహ: ఆరు సిలిండర్లు, ఒకే కంపెనీ అయితే ఏ ఇంజిన్ అయినా పడుతుంది.

వాస్తవం: బండి పేరు వేరు, ఇంజిన్ పేరు వేరు. టాటా 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు; 497 అంటే నాలుగు సిలిండర్లు, అదే బోరు. కానీ 407 అనే అంకె బండిది, అది ఇంజిన్ పేరు కాదు. కమిన్స్ ఇంజిన్లకు పలక మీద ఇంజిన్ సీరియల్ నంబరుతో పాటు సీపీఎల్ (భాగాల జాబితా) నంబరు ఉంటుంది. ఏ పిస్టన్, ఏ క్యాము, ఏ టర్బో అనేది దాన్ని బట్టే తేలుతుంది. కాలుష్య ప్రమాణాలు మారినప్పుడల్లా బయటికి ఒకేలా కనిపించే బ్లాకుల లోపలి భాగాలు మారాయి. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అమలయ్యాయి. మెకానికల్ పంపు నాటి బ్లాకులో కామన్ రైల్ (ఎలక్ట్రానిక్ నియంత్రణతో ఇంధనం చిమ్మే) ఇంజిన్‌కు కావలసిన స్పీడు సెన్సార్ల చోటు ఉండకపోవచ్చు. అందుకే పార్టు నంబరు చూడకుండా ఫొటో చూసి ఆర్డరు ఇవ్వకూడదు.

అపోహ: రీకండిషన్డ్, రీమాన్యుఫాక్చర్డ్ అన్నీ మెరుగు పెట్టిన పాత ఇంజిన్లే.

వాస్తవం: రంగు వేసి అమ్మేవి ఉన్నాయి, నిజమే. కానీ పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవి మార్చి, పరీక్షించి, వారంటీతో ఇచ్చేవీ ఉన్నాయి. కొలతల కాగితం అడగండి. ఇవ్వలేనివారి దగ్గర కొనకండి.

అపోహ: బ్లాకు మారిస్తే అది రిపేరు కిందికే వస్తుంది, ఆర్టీవో ఆఫీసుకు సంబంధం లేదు.

వాస్తవం: ఇంజిన్ నంబరు ఉండేది బ్లాకు మీద. హెడ్డు, క్రాంకు, పిస్టన్లు ఎన్నిసార్లు మార్చినా నంబరు మారదు. బ్లాకు మారిందంటే ఆర్‌సీలో ఉన్న నంబరు బండి మీద లేనట్టే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఇంజిన్ మార్పును కూడా పరిధిలోకి తీసుకుంటుంది. ముందుగా అనుమతి తీసుకోవాలి, మార్పు జరిగిన 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపడం అవసరం; ప్రమాదం జరిగిన రోజున సర్వేయరు మొదట చూసేది ఆ నంబర్లనే. పాత బ్లాకును ఎక్స్‌చేంజి కింద ఇచ్చేసే ముందు, దాని నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీసుకోండి, ఫొటో కూడా తీయండి. కొత్త బ్లాకు బిల్లు, పాత నంబరు ప్రింటు, కొత్త నంబరు ప్రింటు, ఈ మూడింటినీ కలిపి బండి కాగితాల్లోనే ఉంచండి.